మొదటి పది ఎత్తులు: మన పిల్లలు ఏ ఓపెనింగ్ పట్టుకోవాలె?



పోస్టు కొంచెం పొడుగుంటది. బస్సులోనో, మెస్ లైన్లోనో టైం దొరికినప్పుడు చదవండి. చెస్ ఆడే తమ్ముడో చెల్లెనో తెలిసినోళ్లు ఉంటే వాళ్లకు పంపండి.

మేము బాచుపల్లిలో ఉంటం. కొందరం ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్నం, ఇద్దరం చదువు అయిపోయి మియాపూర్ మీదుగా హైటెక్ సిటీ షిఫ్టులకు పోయొస్తున్నం. ఉట్నూరు, ఇల్లెందు, ఏటూరునాగారం, దేవరకొండ... తలా ఒక దిక్కు నుంచి వచ్చినం. గోండు, కోయ, లంబాడా అందరం ఒకే పోర్షన్‌లో సర్దుకున్నం. ఆదివారం పొద్దున మేడ మీద నీడలో రెండు మూడు బోర్డులు పరుస్తం. ఈ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో ప్రభుత్వ స్కీం కింద సీటొచ్చిన మన ఇంటర్ పిల్లలు కూడా ఔటింగ్ దొరికిన రోజు వచ్చి కూర్చుంటరు.

వచ్చిన ప్రతి పిల్లగాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ ఓపెనింగ్ నేర్చుకోవాలె?" ఆ ప్రశ్నకు మేము మాలో మేము వాదించుకొని, ఆడి, ఓడి, గెలిచి తేల్చుకున్న జవాబే ఈ పోస్టు.

ముందు ఈ ప్రశ్న ఎందుకు పెద్దదో చెప్తం. చదరంగంలో డబ్బున్న ఇంటి పిల్లకు, మన పిల్లకు తేడా అన్నిటికంటే ముందు కనబడేది ఓపెనింగ్‌లోనే. అవతల కూర్చున్న పిల్లకు ఆరేళ్లప్పటి నుంచి కోచ్ ఉంటడు. మొదటి పది పన్నెండు ఎత్తులు చూడకుండానే వేసేస్తది. గడియారంలో ఆమె టైం కదలనే కదలదు. మన పిల్ల మూడో ఎత్తుకే ఆలోచనలో పడుతది. అక్కడే సగం ధైర్యం పోతది. మనోళ్లు చాలామంది ఒక టోర్నమెంటు ఆడి రెండోసారి పేరు ఇయ్యకపోవడానికి కారణం ఇదే. ఆట రాక మానేస్తలేరు, "వాళ్లు అంతా చదువుకొని వచ్చిన్రు, మనమెక్కడ" అనుకొని మానేస్తున్నరు.

ఒక మాట నిజమే. పై స్థాయిలో ఓపెనింగ్ అంటే పెద్ద పని. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆ పద్దెనిమిదేళ్ల పిల్లగాడి వెనుక ఓపెనింగులు తయారుచేసే గ్రాండ్‌మాస్టర్ల బృందమే ఉండె. మన గుంటూరు పెంటేల హరికృష్ణ కూడా అందులో ఒకరు. అంత తయారై పోయినా మొదటి ఆటలో డింగ్ లిరెన్ ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడి గుకేశ్‌ను ఓడించిండు. ఇంట్లో చూస్తే, కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిందంటే, వాళ్ల నాన్న అశోక్ గారు ఉద్యోగం వదిలేసి కూతురికి శిక్షణ ఇచ్చిండు. హనుమకొండ అర్జున్ ఎరిగైసి 2024 చివరికి 2800 రేటింగు దాటిండు. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటింది అతనే. వీళ్లను చూసి గర్వపడదాం. కానీ వాళ్లు ఆడే ఓపెనింగులను మనం ఎత్తుకుంటే మాత్రం లాభం లేదు. ఆ ఎత్తుల వెనుక కంప్యూటర్లు, బృందాలు, ఏళ్ల పని ఉంటయి. మన చేతికి ఎత్తులు మాత్రమే వస్తయి, వాటి వెనుకున్న పని రాదు.

ఇంకో మాట కూడా నిజమే. ఓపెనింగ్ రాకుండా ఎంత దూరం పోవచ్చో చూపించిన మనిషి ఒకరున్నడు. మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబ్ మనిషి, ఉమర్ హయాత్ ఖాన్ అనే జమీందారు ఆశ్రయంలో ఉండేటోడు. ఆయన నేర్చుకున్నది మన దేశపు పాత చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకదు, ఇప్పటి కాజ్లింగ్ ఉండదు. అంటే ఆ రోజుల్లో పుస్తకాల్లో ఉన్న ఓపెనింగులు ఏవీ ఆయన చిన్నప్పుడు ఆడినవి కావు. 1929లో లండన్ పోయి ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయిండు. 1932లో, 1933లో మళ్లీ గెలిచిండు. 1930-31 హేస్టింగ్స్ టోర్నమెంటులో కాపాబ్లాంకాను ఓడించిండు. కాపాబ్లాంకా అంటే అప్పటికి మాజీ ప్రపంచ చాంపియన్. సుల్తాన్ ఖాన్ ఓపెనింగులు బలహీనమని అందరూ రాసిన్రు. మధ్య ఆటలో, చివరి ఆటలో మాత్రం ఆయనను ఆపడం కష్టమయ్యేది. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, 2024లో, ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది.

ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టుకుంటే మన దారి కనబడుతది. ఓపెనింగ్ పూర్తిగా వదిలేస్తే మొదట్లోనే దెబ్బ తింటం. బట్టీ పడితే, అవతలోడు పుస్తకంలో లేని ఎత్తు వెయ్యగానే చేతులెత్తేస్తం. కాబట్టి ఎవరి మీదా ఆధారపడకుండా, ప్రతి ఎత్తుకూ కారణం మనమే చెప్పగలిగే ఓపెనింగులు పట్టుకోవాలె.

మా మేడ మీద దీనికి ఒక పరీక్ష పెట్టుకున్నం. ఒక ఎత్తు ఎందుకు వేస్తున్నవో నీ ఇంటి భాషలో చెప్పాలె. గోండిలో, కోయలో, గోర్ బోలీలో, ఏదైనా సరే. మీ అమ్మకు చెప్తున్నట్టు చెప్పాలె. చెప్పగలిగితే ఆ ఎత్తు నీది. "యూట్యూబ్‌లో అట్లనే వేసిండు" అంటే ఆ ఎత్తు ఇంకా నీది కాలేదు, నేర్చుకున్నట్టు లెక్క కాదు.

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. ఊళ్లో పులి-మేక ఆడినోళ్లందరికీ ఓపెనింగ్ తెలుసు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకల వైపు ఆడేటోడు మేకలను ఒక్కొక్కటిగా పెట్టుకుంట వస్తడు. తెలిసినోడు మొదటి మేకను తీసుకపోయి పులి ముందర పెడతడా? పెట్టడు. అంచున పెడతడు, ఎందుకంటే దాని మీదుగా దూకి దిగడానికి పులికి అవతల చోటుండదు. తర్వాతి మేకను దాని పక్కన పెడతడు, ఒకదానికి ఒకటి ఆసరా. ఎవరూ బట్టీ పట్టలేదు. తాత ఆడుతుంటే చూసి, నాలుగు మేకలు పోగొట్టుకొని, కారణం తెలుసుకున్నరు. చదరంగం ఓపెనింగ్ కూడా ఇంతే. పావులు పెట్టుకునే దశ అది. ఏ పావును ఎక్కడ పెడితే దానికి ఆసరా ఉంటది, ఎక్కడి నుంచి అది ఎక్కువ గడులను చూస్తది, ఇదే లెక్క.

ఇగ అసలు విషయానికి వద్దాం. పావుల పేర్లు ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. ఇక్కడ మూలనున్నది ఏనుగు, దాని పక్కది గుర్రం, ఆ పక్కది ఒంటె అంటున్నం. ఒంటెను కొందరు శకటు అంటరు.

తెల్ల పావులతో మేము చెప్పేది ఇటాలియన్. రాజు ముందున్న బంటు రెండు గడులు, ఈ4. నల్ల కూడా ఈ5 వేస్తే, గుర్రం ఎఫ్3. కారణం: ఆ ఈ5 బంటు మీద దాడి. నల్ల గుర్రం సి6కు వచ్చి బంటును కాపాడుతది. మన ఒంటె సి4. కారణం: అది ఎఫ్7 గడిని చూస్తది. ఆట మొదట్లో ఎఫ్7ను కాపాడేది నల్ల రాజు ఒక్కడే, అందుకే అది ఆ ఇంటికి బలహీనమైన తడక. మూడు ఎత్తుల్లో మధ్యలో ఒక బంటు, బయట రెండు పావులు. నాలుగో ఎత్తుకు కాజ్లింగ్, అంటే రాజును కోటలో పెట్టడం, చేసెయ్యవచ్చు. ఒక్క ఎత్తు కూడా వృథా లేదు, ప్రతిదానికీ కారణం అమ్మకు చెప్పొచ్చు.

లండన్ సిస్టమ్ గురించి కూడా పిల్లలు మస్తు అడుగుతరు. డి4, ఒంటె ఎఫ్4, బంటు ఈ3, గుర్రం ఎఫ్3, బంటు సి3. అవతలోడు ఏది వేసినా దాదాపు ఇవే ఎత్తులు. చదువు ఒత్తిడిలో ఉండి, వారానికి ఒక గంట మాత్రమే దొరికేటోళ్లకు ఇది మంచిదే. ప్రమాదం ఒకటే, చూడకుండా ఆడటం అలవాటైతది. నల్ల సి5 వేసి, మంత్రిని బి6కు తెస్తే మన బి2 బంటు మీద దాడి. ఒంటె బయటకు పోయింది కాబట్టి దాన్ని కాపాడేటోళ్లు లేరు. అప్పుడు మన మంత్రిని బి3కి తెచ్చి ఎదురు నిలబడాలె. ఇది తెలిసి ఆడితే లండన్ పనికొస్తది. "అన్నిటికీ ఒకే మందు" అనుకొని ఆడితే పనికిరాదు.

నల్ల పావులతో రెండు జవాబులు కావాలె. తెల్ల ఈ4 వేస్తే ఒకటి, డి4 వేస్తే ఒకటి.

ఈ4కు మేము మొదట చెప్పేది ఈ5. అన్నిటికంటే సూటి జవాబు, ఆట మొత్తం నేర్పుతది. కానీ ఇందులో రెండు ఉచ్చులు తప్పకుండా తెలిసి ఉండాలె. మొదటిది నాలుగు ఎత్తుల మేట్. తెల్ల మంత్రి హెచ్5కు, ఒంటె సి4కు వచ్చి ఎఫ్7 మీద గురి పెడతయి. ముందు గుర్రాన్ని సి6కు తెచ్చి ఈ5 బంటును కాపాడుకో. తర్వాత బంటు జి6 వేసి మంత్రిని తరుము. అది ఎఫ్3కి పోయి మళ్లీ అదే గురి పెడతది. రెండో గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి దారి మూసెయ్. ఇప్పుడు లెక్క చూడు: నీ గుర్రాలు రెండూ బయట ఉన్నయి. తెల్ల మంత్రి మాత్రం తన గుర్రం కూర్చోవాల్సిన ఎఫ్3 గడిని ఆక్రమించింది. భయపెట్టినోడే వెనుకబడ్డడు.

రెండోది ఇటాలియన్‌లో నల్ల గుర్రం ఎఫ్6కు వచ్చినప్పుడు. తెల్ల గుర్రం జి5కు దూకి ఎఫ్7 మీద పడుతది. నువ్వు బంటు డి5తో అడ్డం పెడతవ్. తెల్ల ఆ బంటును తీసుకుంటది. చెయ్యి వెంటనే గుర్రంతో తిరిగి తీసుకుందామని పోతది. ఆపుకో. తీసుకుంటే తెల్ల తన గుర్రాన్ని ఎఫ్7లో బలి ఇచ్చి నీ రాజును బోర్డు మధ్యలోకి ఈడుస్తది, అక్కడ బతకడం కష్టం. దాని బదులు సి6 గుర్రాన్ని ఎ5కు తీసుకపోయి సి4 ఒంటెను తరుము. ఒక బంటు పోతది, కానీ నీ పావులు చకచకా బయటకొస్తయి.

ఇంత గొడవ వద్దు, కొంచెం గట్టి గోడ కావాలె అనుకునేటోళ్లకు కారో-కాన్. ఈ4కు సి6, తర్వాత డి5. కారణం: తెల్ల డి5 బంటును తీసుకుంటే మనం బంటుతోనే తిరిగి తీసుకుంటం, మధ్యలో మన మనిషి నిలబడే ఉంటడు. ఒంటె కూడా ఎఫ్5కు బయటకు పోయే దారి ఉంటది. ఫ్రెంచ్‌లో ముందే ఈ6 వెయ్యడం వల్ల ఆ ఒంటె ఇంట్లోనే ఇరుక్కుంటది. ఫ్రెంచ్ మంచిదే, ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే గెలిచింది. కానీ ఇరుక్కున్న ఒంటెతో ఓపిగ్గా ఆడటం మొదలుపెట్టేటోళ్లకు కష్టం.

డి4కు జవాబు డి5. తెల్ల సి4 వేస్తే ఈ6తో ఆసరా ఇయ్యి. సి4 బంటును తీసుకోవచ్చు కదా అని అందరికీ ఆశ పుడుతది. తీసుకో, తప్పు లేదు, కానీ దాన్ని దాచుకోవాలని చూడొద్దు. తెల్ల ఈ3 వేస్తే, నువ్వు బి5తో కాపాడుతవ్. తెల్ల ఎ4తో కొడుతది. నువ్వు సి6తో నిలబెడతవ్. తెల్ల బి5లో తీసుకుంటది, నువ్వు సి బంటుతో తిరిగి తీసుకుంటవ్. అప్పుడు తెల్ల మంత్రి ఎఫ్3కి వస్తది, మూలనున్న నీ ఏనుగు మీద గురి. ఏనుగు కదలలేదు, అడ్డం పెట్టిన పావు పోతది. ఒక్క బంటు ఆశకు పెద్ద పావు పోయింది. ఈ ఒక్క ఉదాహరణ చూస్తే "ఎందుకు" అని అడగడం విలువ తెలుస్తది.

సిసిలియన్‌లో నైడార్ఫ్ లాంటివి ఇప్పుడే వద్దు. చెడ్డవి అని కాదు. అందులో ఒక్క ఎత్తు మర్చిపోయినా రాజు పోతడు, ఆ ఎత్తులు గుర్తుంచుకోవడానికే ఏడాది పడుతది. మన దగ్గర ఉన్న టైంతో అంతకంటే మంచి పనులున్నయి.

అంటే మొత్తం ఎన్ని? తెల్లతో ఒకటి, నల్లతో రెండు. మూడే. ఒక ఏడాది మార్చొద్దు. ఓడినప్పుడల్లా ఓపెనింగ్ మార్చేటోడు ఎన్నడూ రెండో ఎత్తు దాటడు.

పదో ఎత్తు అయినాక ఒక్క నిమిషం ఆగి నిన్ను నువ్వు అడుగు. రెండు గుర్రాలు బయటకొచ్చినయా? ఒంటెలు వచ్చినయా? రాజు కోటలో ఉన్నడా? మధ్యలో నా బంటు ఒకటైనా ఉందా? కారణం లేకుండా ఒకే పావును రెండుసార్లు కదిపిన్నా? మొదటి నాలుగింటికి అవును, చివరిదానికి కాదు అని వస్తే నీ ఓపెనింగ్ పని అయిపోయింది. దాని పేరు నీకు తెలియకపోయినా పరవాలేదు.

ఇప్పుడు ఒక చెల్లె సంగతి. భద్రాచలం అవతల నుంచి వచ్చిన కోయ పిల్ల, ఇక్కడ ఇంటర్ చదువుతుంది. కాలేజీల మధ్య పోటీలో మొదటి రౌండ్‌లోనే పదకొండు ఎత్తుల్లో ఓడిపోయింది. వాళ్ల అక్కతో మా మేడ మీదికి వచ్చి "నేను ఇంక పేరు ఇయ్యనన్నా" అన్నది. "ఆమె బోర్డు చూడకుండానే వేస్తుంది, నాకు చెయ్యి వణికింది" అన్నది.

ఆట రాసుకున్న కాగితం తెచ్చింది, బోర్డు మీద మళ్లీ పెట్టి చూసినం. ఎనిమిదో ఎత్తు దాకా ఆమె పావులు బాగనే ఉన్నయి. తొమ్మిదో ఎత్తులో ఆసరా లేని గుర్రం ఊరికే పోయింది. అంటే ఆమెను ఓడించింది అవతలి పిల్ల చదివిన పుస్తకం కాదు, భయం. ఆ సంగతి బోర్డు మీద కళ్లారా చూసినాక ఆమె ముఖమే మారింది. ఆమెకు ఒకటే చెప్పినం: "అవతలోళ్లు గబగబ వేస్తున్నరంటే అది జ్ఞాపకం. ఎక్కడో ఒకచోట ఆ జ్ఞాపకం అయిపోతది. వాళ్లు ఆగి ఆలోచించడం మొదలుపెట్టిన చోట ఆట మొదలైతది. అక్కడిదాకా నువ్వు ఏదీ ఊరికే ఇయ్యకుండా నడిచిరా."

హాస్టల్‌లో ఫోన్ ఉండదు. కారో-కాన్ ఎత్తులు, పక్కన కారణాలు ఫిజిక్స్ నోట్సు చివరి పేజీల్లో రాసుకుంది. కారణాలు కోయ మాటల్లోనే, తెలుగు అక్షరాలతో. తర్వాతి పోటీకి మళ్లీ పేరు ఇచ్చింది. నలభై ఎత్తులు దాటి ఆడింది, చివర్లో రాజు, బంట్లు మాత్రమే మిగిలినాక ఓడిపోయింది. ఈసారి కాగితం తెచ్చి ఓపెనింగ్ గురించి అడగలేదు. "అన్నా, చివర్ల నా రాజు ఎటు పోవాలుండె?" అని అడిగింది. మాకు గెలుపు కంటే ఆ ప్రశ్నే పెద్దగ అనిపించింది.

అందుకే చివరి మాట సాధన గురించి. వారానికి నాలుగు గంటలు దొరికితే ఓపెనింగ్‌కు ఒక గంట చాలు. రెండు గంటలు చిన్న చిన్న పజిళ్లు, అంటే ఫోర్క్, పిన్, రెండు ఎత్తుల మేట్. ఒక గంట చివరి ఆట, ముఖ్యంగా రాజు-బంటు. ఆడిన ప్రతి ఆట రాసుకోండి. ఆట అయినాక, తెలిసిన దారి ఎక్కడ అయిపోయిందో ఆ ఒక్క ఎత్తు చూసి, అక్కడ ఏది వేస్తే బాగుండునో ఒక్కటే నేర్చుకోండి. ఒక ఆటకు ఒక ఎత్తు. ఏడాదికి ఎన్ని అయితయో మీరే లెక్క కట్టండి.

ఫోన్ ఉన్నోళ్లకు లిచెస్ ఉంది. పూర్తిగా ఉచితం, యాడ్స్ కూడా రావు. పజిళ్లు, ఓపెనింగుల్లో ఎవరు ఏ ఎత్తు వేసిన్రో చూపించే పట్టిక, మీ ఆటను పరీక్షించే కంప్యూటర్ అన్నీ అందులోనే. డబ్బులు పెట్టి ఓపెనింగ్ కోర్సులు కొనే అవసరం ఈ స్థాయిలో లేదు. ఒక సూచన: ఆట అయిపోగానే కంప్యూటర్‌ను అడగొద్దు. ముందు మీరే చూడండి, పక్కనోళ్లతో వాదించండి, తర్వాత అడగండి. ఫోన్ లేనోళ్లకు మడిచే ప్లాస్టిక్ బోర్డు, ఒక నోట్‌బుక్ చాలు.

ఊళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో టీచర్లుగా ఉన్న మన అన్నలు, అక్కలు ఈ పోస్టు చదువుతుంటే ఒక మనవి. పిల్లలకు ఎత్తులు చెప్పినప్పుడు కారణం వాళ్ల భాషలో చెప్పించండి. మీకు ఆ భాష రాకపోతే పక్క పిల్లతో చెప్పించండి, అర్థం అయిందా లేదా ఆ పిల్లే తేలుస్తది.

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్, మల్లంపేట దిక్కున ఉన్న మన పిల్లలు ఆదివారం పొద్దున రావొచ్చు. ఆట రాకపోయినా రండి, నేర్పుతం. అడ్రస్ కావాలంటే గ్రూపులో మెసేజ్ పెట్టండి. వచ్చేటప్పుడు మీరు ఓడిపోయిన ఒక ఆట రాసుకొని తీసుకురండి, దాంతోనే మొదలుపెడదాం.